మిగిలిన గాలి చెప్పే మాట

డాష్‌బోర్డు మీద పసుపుపచ్చ ఇంజన్ బొమ్మ వెలుగుతుంది. స్కానర్ తగిలిస్తే పీ0171 అని పడుతుంది. మిక్స్చర్ లీన్‌గా ఉంది, గాలికి తగ్గ పెట్రోలు పడటం లేదు అని దాని భావం. ఆ మరుక్షణం షెడ్డులో వినిపించే మాట చాలాసార్లు ఒకటే: ‘ఓటూ సెన్సర్ పోయిందండీ, మార్చేద్దాం.’ కొత్త సెన్సర్ వస్తుంది, పాతది చెత్తడబ్బాలో పడుతుంది, కోడు చెరిపేయగానే లైటు ఆరిపోతుంది. కొన్నాళ్లకు మళ్లీ అదే లైటు, అదే కోడు. మామూలు కారైతే మైలేజీ కాస్త తగ్గి ఊరుకుంటుంది. టర్బో ప్రెషర్ పెంచి, పెద్ద ఇంజెక్టర్లు వేసి, ఇంజన్‌ను నడిపే కంప్యూటర్‌లో (ఈసీయూ) మ్యాప్ మార్చి ట్యూనింగ్ చేసిన కారైతే ఇదే అలవాటు ఒకనాడు పిస్టన్ కరిగేదాకా తీసుకెళ్తుంది. ఈ తంతులో మనసుకు పట్టి వదలని సంగతి ఒకటుంది. సెన్సర్ పాడైందని ఆ కోడు ఎక్కడా అనలేదు. సెన్సర్ చెడితే చెప్పడానికి వేరే కోడ్లున్నాయి. ఇక్కడ సెన్సర్ ఇంజన్ గురించి ఒక మాట చెప్పింది, అంతే. ఆ మాట వినకుండా చెప్పినదాన్నే ఎందుకు ఊడబీకుతున్నాం? తొందరా, తెలియకపోవడమా, లేక ఆ మాట విన్నాక ఏం చేయాలన్న దిగులా? మూడూ ఉన్నాయనే అనిపిస్తుంది. అయితే వాటన్నిటి అడుగున మరో పొరపాటు ఉంది. సెన్సర్ మిక్స్చర్‌ను చూస్తోందని మనం అనుకుంటున్నాం.

అది చూసేది మిక్స్చర్‌ను కాదు. పెట్రోలును అది ఏనాడూ కొలవలేదు. కాలాల్సిందంతా కాలిపోయాక సైలెన్సర్ గొట్టంలో ఎంత ఆక్సిజన్ మిగిలిందో మాత్రమే దానికి తెలుసు. ఆక్సిజన్ మిగిలింది కాబట్టి పెట్రోలు చాల్లేదు అన్న తీర్పు మనదీ, ఈసీయూదీ. బంతి లేచాక విస్తట్లో మిగిలిన అన్నం చూసి కూర చాల్లేదని తేల్చడం లాంటిది ఇది. చాలాసార్లు అది నిజమే అవుతుంది. కానీ తినేవాడికి ఆకలి లేకపోయినా అన్నం మిగులుతుంది. అతను లేచి వెళ్లాక ఎవరో పొరపాటున మరో గరిటె వడ్డించినా మిగులుతుంది. మూడు సందర్భాల్లోనూ విస్తరి ఒకేలా కనిపిస్తుంది. విస్తరి అబద్ధమాడలేదు. దాన్ని చదివిన తీరులోనే తేడా వచ్చింది. ట్యూనింగ్ చేసిన కారులో మిక్స్చర్ సమస్యలు వెతికే విద్య అంతా ఈ తేడాను పట్టుకోవడంలోనే ఉందని నా వాదన. ముందు సెన్సర్‌ను నమ్మాలి, దాని మాటకు మనం చెప్పుకున్న అర్థాన్ని శంకించాలి. మనం సరిగ్గా దీనికి తలకిందులుగా చేస్తున్నాం.

ఇంతకీ ఆ చిన్న ముక్కలో ఏముంది? జిర్కోనియా అనే పింగాణీ లాంటి పదార్థం, దానికి రెండువైపులా పలుచని ప్లాటినం పూత. ఒక వైపు బయటి గాలి, మరో వైపు ఇంజన్ వదిలిన పొగ. రెండు వైపులా ఆక్సిజన్‌లో ఎంత తేడా ఉంటే అంత వోల్టేజి పుడుతుంది. ఆ లెక్కను జర్మనీ రసాయన శాస్త్రవేత్త వాల్టర్ నెర్న్‌స్ట్ 1889లోనే రాసిపెట్టాడు, అప్పటికి మోటారు కార్లు ఇంకా పసితనంలో ఉన్నాయి. అదే నెర్న్‌స్ట్ తర్వాత జిర్కోనియాతో ఒక విద్యుద్దీపం కూడా చేశాడు. చల్లగా ఉన్నప్పుడు ఆ కడ్డీలో కరెంటు పారదు, ముందు వేడి చేస్తేనే వెలుగుతుంది. ఈనాటి సెన్సర్‌దీ అదే స్వభావం. సుమారు 300 డిగ్రీలు దాటితే గానీ నోరు విప్పదు. అందుకే దాని లోపల ఒక హీటర్ పెడతారు. హీటర్ వైరు తెగినా, ఫ్యూజు పోయినా సెన్సర్ ఐడ్లింగ్‌లో చల్లబడి మూగబోతుంది, రోడ్డు మీద వేడెక్కగానే మళ్లీ బాగా పలుకుతుంది. ‘సిగ్నల్లో ఆపితే లైటొస్తుంది, హైవే మీద రాదు’ అన్న ఫిర్యాదు వింటే సెన్సర్ కన్నా ముందు దాని ఫ్యూజు చూడాలి కదా? వందేళ్లకు పైబడిన భౌతిక సూత్రం ఈనాటి షెడ్డులో ఇంత సూటిగా పనికొస్తోందంటే ముచ్చటగానే ఉంటుంది.

ఈ సెన్సర్ ఎవరి కోసం పుట్టిందో కూడా గుర్తు పెట్టుకోవాలి. కాలిఫోర్నియాలో పొగమంచులా కమ్మిన కాలుష్యాన్ని అదుపు చేయడానికి అక్కడి ప్రభుత్వం నిబంధనలు బిగించిన రోజుల్లో, 1976లో, బాష్ కంపెనీ తయారు చేసిన లాంబ్డా సెన్సర్‌ను వోల్వో తన 240 వరస కార్లలో మొదటిసారి బిగించింది. ఆ కార్ల ముందు గ్రిల్ మీద ‘లాంబ్డా సాండ్’ అన్న బిళ్ల కూడా అంటించేది. మూడు రకాల విషవాయువులనూ ఒకేసారి శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ సరిగా పనిచేయాలంటే మిక్స్చర్ లాంబ్డా 1కి అటూ ఇటూ ఒక్క శాతం లోపలే ఉండాలి. గాలీ పెట్రోలూ రెండూ మిగలకుండా కాలే పాళ్లు అవి. మామూలు పెట్రోలుకు గ్రాముకు 14.7 గ్రాముల గాలి. ఆ గీత దగ్గర పొగలో ఆక్సిజన్ పాక్షిక పీడనం కోటానుకోట్ల రెట్లు మారిపోతుంది కాబట్టి వోల్టేజి 0.1 నుంచి 0.9కి ఎగిరి దూకుతుంది. గీతకు ఇటు ఉన్నామా అటు ఉన్నామా అని అడిగితే ఆ పాత సెన్సరంత కచ్చితంగా చెప్పే పరికరం మరొకటి లేదు. ఎంత దూరం ఉన్నామని అడిగితే మాత్రం దాని దగ్గర నమ్మదగ్గ జవాబు లేదు. ట్యూనింగ్ చేసేవాళ్లు అడిగేది సరిగ్గా ఆ రెండో ప్రశ్నే. ఫుల్ యాక్సిలరేటర్ మీద టర్బో ఇంజన్‌కు లాంబ్డా 0.80 కావాలా 0.85 కావాలా అన్నదే వాళ్ల బాధ. 0.87 వోల్టు, 0.90 వోల్టు అన్న తేడాను మిక్స్చర్ కన్నా ఆ సెన్సర్ వేడే ఎక్కువగా నిర్ణయిస్తుంది. ఈ లోటు తీర్చింది వైడ్‌బ్యాండ్ సెన్సర్. ఆ రకానికి చెందిన ఐదు వైర్ల సెన్సర్ 1992లో అమెరికాలో అమ్మిన హోండా సివిక్ వీఎక్స్‌లో ఉండేది. బాష్ తన వైడ్‌బ్యాండును 1994లో తెచ్చింది. పెట్రోలు పొదుపు చేసే కారు కోసం పుట్టిన సెన్సర్ పవర్ కోసం తపించే ట్యూనర్ల చేతికి వచ్చి వాళ్ల ప్రధాన పనిముట్టైంది.

వైడ్‌బ్యాండ్ అయినా చూసేది పొగలోని ఆక్సిజన్ మిగులునో లోటునో తప్ప ఇంజెక్టర్ పోసిన పెట్రోలును కాదు. కాబట్టి మొదటి పరీక్ష మిస్సింగ్ కొట్టే ఇంజన్‌తో మొదలుపెడదాం. నాలుగు సిలిండర్లలో ఒకదాని స్పార్క్ ప్లగ్ సరిగా వెలగలేదనుకోండి. ఆ సిలిండర్లోకి వెళ్లిన గాలీ పెట్రోలూ కాలకుండానే బయటికొస్తాయి. పొగలో నాలుగో వంతు కాలని మిశ్రమమే. గాలిలో ఆక్సిజన్ 21 శాతం గనక మొత్తం పొగలో సుమారు 5 శాతం ఆక్సిజన్ చేరుతుంది. దానితోపాటు వచ్చిన పచ్చి పెట్రోలు ఆవిరి సెన్సర్ మీది ఆ కాస్త ప్లాటినం పూత దగ్గర పూర్తిగా కాలే వ్యవధి ఉండదు. ఫలితంగా అంకె లీన్ అంటుంది. ముక్కుకు పెట్రోలు వాసన కొడుతూనే ఉంటుంది, గేజీ మాత్రం పెట్రోలు చాల్లేదంటుంది. ఈసీయూ ఆ మాట విని మిగతా మూడు సిలిండర్లకు కూడా పెట్రోలు పెంచుతుంది. ఆ కాలని పెట్రోలు కన్వర్టర్లోకి వెళ్లి అక్కడ అంటుకుని దాన్ని ఎర్రగా కాలుస్తుంది. ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్ గ్యాస్కెట్ దగ్గర సన్నని పగులు ఉన్నా ఇదే కథ మరో రూపంలో నడుస్తుంది. పొగ గొట్టంలో నిలకడగా పారదు, అలలుగా కొడుతుంది. ప్రతి ఒత్తిడి అల వెనకాలా ఒక లోతు ఉంటుంది, ఆ లోతులో బయటి గాలి పగులులోంచి లోపలికి దూరుతుంది. ఇంజన్‌లో మిక్స్చర్ చక్కగానే ఉంది, గాలి ఆ తర్వాత కలిసింది. వాల్వులను ఎక్కువసేపు తెరిచి ఉంచే క్యామ్ వేసిన ఇంజన్‌లోనైతే ఐడ్లింగ్‌లో మిశ్రమం సరిగా అంటుకోక, కొన్ని చుట్లు కాలకుండానే దాటిపోయి, ఏ లోపమూ లేకుండానే లీన్ అంకె వస్తుంది. ఈ మూడింటిలో ఏ ఒక్కదానికైనా పెట్రోలు పెంచడం మందు అవుతుందా? కాదు. కానీ అంకెను అంకెగా చూసేవాడు పెంచి తీరతాడు.

అయితే అంకెలను ఎలా చదవాలి? ఒక్క అంకెను చదవకూడదు, అవి ఎప్పుడు ఎలా మారుతున్నాయో చదవాలి. ఈసీయూ తాను ఎంత శాతం పెట్రోలు కలుపుతోందో, తగ్గిస్తోందో ఫ్యూయల్ ట్రిమ్ రూపంలో స్కానర్‌కు చూపిస్తుంది. నన్ను అడిగితే మొత్తం కారులో ఇంత నిజాయితీ గల దస్తావేజు మరొకటి లేదు. ఉదాహరణకు, లోపలికి వచ్చే గాలిని ఎంఏఎఫ్ సెన్సర్‌తో కొలిచే టర్బో ఇంజన్‌లో ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్ దగ్గర ఒక రబ్బరు గొట్టం చిట్లిందనుకోండి. ఐడ్లింగ్‌లో ఇంజన్ పీల్చే గాలి సెకనుకు 3 గ్రాములు, ఆ చిట్లులోంచి లెక్కకు రాకుండా మరో అర గ్రాము దూరుతోంది. దాదాపు 17 శాతం తేడా, ట్రిమ్ పైకి ఎగబాకుతుంది. అదే ఇంజన్ సెకనుకు 60 గ్రాములు పీల్చే వేగంలో ఆ అర గ్రాము ఒక శాతం కూడా కాదు, ట్రిమ్ మామూలు స్థితికి వస్తుంది. టర్బో ప్రెషర్ (బూస్ట్) ఎక్కాక అదే చిట్లులోంచి గాలి బయటికి పోతుంది. కొలిచిన గాలికి పెట్రోలు పడింది, గాలి మాత్రం లేదు, కాబట్టి రిచ్. ఐడ్లింగ్‌లో లీన్, బూస్ట్‌లో రిచ్, రెండూ ఒకే చిట్లు పని. ఇప్పుడు దీనికి సరిగ్గా ఎదురుగా ఉండే మరో లోపం చూడండి. ఫ్యూయల్ ప్రెషర్ రెగ్యులేటర్‌కు మ్యానిఫోల్డ్ నుంచి ఒక సన్నని గొట్టం వెళ్లాలి. కొత్త రెగ్యులేటర్ బిగించినప్పుడు ఆ గొట్టం తగిలించకుండా నిపుల్ మూసేసి వదిలేశారనుకుందాం. ఇంజెక్టర్‌కు అటూ ఇటూ 3 బార్ తేడా ఉండాల్సింది, ఐడ్లింగ్ వ్యాక్యూమ్‌లో 3.6 బార్ అవుతుంది. ఒక బార్ బూస్ట్‌లో 2 బార్‌కు పడిపోతుంది. ఇంజెక్టర్ పోసే పెట్రోలు ఒత్తిడి వర్గమూలాన్ని బట్టి ఉంటుంది గనక ఐడ్లింగ్‌లో 9 శాతానికి పైగా ఎక్కువ పోస్తుంది, బూస్ట్‌లో 18 శాతం తక్కువ పోస్తుంది. 0.80 ఉండాల్సిన లాంబ్డా 0.98కి చేరుతుంది. పిస్టన్ కరగడానికి అంతకన్నా ఏం కావాలి? ఒకటి ఐడ్లింగ్‌లో లీన్ బూస్ట్‌లో రిచ్, ఇంకొకటి ఐడ్లింగ్‌లో రిచ్ బూస్ట్‌లో లీన్. రెండు సందర్భాల్లోనూ సెన్సర్ ఒక్కటే, అది రెండుసార్లూ నిజమే చెప్పింది. కొన్ని పదుల రూపాయల రబ్బరు గొట్టాన్ని అది వేలెత్తి చూపుతుంటే మనం వేల రూపాయల సెన్సర్ విప్పుతున్నాం.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. ఈసీయూ తనంతట తాను నేర్చుకుంటుంది కదా, లోపం ఎక్కడున్నా ట్రిమ్ సరిచేసేస్తుంది కదా, ఇంత వెతుకులాట ఎందుకు? మామూలు వాడకంలో ఈ మాటలో కొంత నిజం ఉంది. అందుకే ఈ లోపాలు అన్నేళ్లు దాగి ఉండగలుగుతాయి. కానీ ట్యూన్ చేసిన కారులో ఒక మామూలు మార్పు తీసుకుందాం. గాలి బాగా రావాలని ఎంఏఎఫ్ సెన్సర్ ఉండే గొట్టాన్ని 70 మిల్లీమీటర్ల నుంచి 76కి పెంచారు, ఈసీయూలో ఆ సంగతి రాయలేదు. గొట్టం వెడల్పయితే అదే గాలి నెమ్మదిగా పారుతుంది, సెన్సర్‌కు అసలులో 85 శాతమే కనిపిస్తుంది. మెల్లగా నడిపేటప్పుడు ట్రిమ్ 18 శాతం కలిపి లెక్క సరిచేస్తుంది. లైటు కూడా రాదు, ఎందుకంటే చాలా కార్లలో కోడు పడే హద్దు అంతకంటే పైనే ఉంటుంది. ఇప్పుడు యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే పాత సెన్సర్ల కార్లలో ఈసీయూ సెన్సర్ మాట వినడం మానేసి తన పట్టిక ప్రకారం పోస్తుంది. నేర్చుకున్న ట్రిమ్‌ను అక్కడ వాడని కార్లలో 0.82 అనుకున్నది 0.97 అవుతుంది. వాడే కార్లలో పెట్రోలు సరిపోవచ్చు, కానీ ఇంకో ప్రమాదం మిగిలే ఉంది. గాలి తక్కువగా వస్తోందని ఈసీయూ నమ్ముతోంది కాబట్టి ఇంజన్ మీద భారం తక్కువనుకుని ఇగ్నిషన్ టైమింగ్‌ను ముందుకు జరుపుతుంది. ట్రిమ్ పెట్రోలును సరిచేసింది గానీ టైమింగ్‌ను సరిచేయలేదు. మిశ్రమం అదుపు తప్పి పేలే నాకింగ్ అక్కడి నుంచే మొదలవుతుంది. నేర్చుకోవడం అంటే లోపాన్ని భరించడం మాత్రమే అయితే ఆ నేర్పు మనల్ని కాపాడినట్టా, కళ్లు కప్పినట్టా?

మరో అభ్యంతరం కాస్త బలమైనది. మంచి వైడ్‌బ్యాండ్ గేజీ ఇప్పుడు అందుబాటు ధరలో దొరుకుతోంది, నూరో వంతు దాకా అంకె చూపిస్తుంది, అది చాలదా? ఆ పరికరం మీద నాకు గౌరవమే తప్ప అనుమానం లేదు. కానీ ఆ అంకె ఎక్కడిది, ఎప్పటిది, ఎవరిది అన్న మూడు ప్రశ్నలకు గేజీ జవాబు చెప్పదు. ఎవరిది అంటే, నాలుగు సిలిండర్ల పొగ కలిసే చోట బిగించిన సెన్సర్ నలుగురి సగటునే చెబుతుంది. మూడు సిలిండర్లు 0.85లో, నాలుగోది ఇంజెక్టర్ పూడుకుని 0.97లో ఉంటే గేజీ 0.88 దగ్గర ప్రశాంతంగా నిలుస్తుంది. నిస్సాన్ స్కైలైన్ జీటీ-ఆర్ ఆర్‌బీ26 ఇంజన్‌లో ఆరు సిలిండర్లకు రెండు సెన్సర్లు పెట్టారు, మూడేసి సిలిండర్లకు ఒకటి. ఆ జాగ్రత్త కూడా సగటును ఆరు నుంచి మూడుకే తగ్గించింది. అక్కడ స్పార్క్ ప్లగ్గులు విప్పి ఒక్కోదాని రంగు చూసుకోవడం ఇప్పటికీ తప్పదు; ఒక్క ప్లగ్గు పింగాణీ మిగతావాటికన్నా తెల్లగా ఉంటే సగటు మాట పక్కన పెట్టాల్సిందే. ఎక్కడిది అంటే, సెన్సర్‌ను టర్బోకు ముందు బిగిస్తే అక్కడి ఒత్తిడి అంకెను వంచుతుంది, రిచ్‌ను ఇంకా రిచ్‌గా, లీన్‌ను ఇంకా లీన్‌గా చూపిస్తుంది. టర్బో తర్వాత, గొట్టం పైభాగంలో, నీటిబొట్లు నిలవని వాలులో బిగించాలని తయారీదారులు చెప్పేది అందుకే. చల్లని ఉదయం గొట్టంలో చేరిన తేమ బొట్టు 700 డిగ్రీలు దాటిన సెన్సర్ మీద పడితే లోపలి పింగాణీ పగిలిపోతుంది. ఎప్పటిది అంటే, వాల్వు దగ్గర బయల్దేరిన పొగ సెన్సర్ దాకా రావాలి, సెన్సర్ స్పందించాలి. ఆర్పీఎం చకచకా ఎగబాకుతున్నప్పుడు 4,000 పక్కన కనిపించిన అంకె అంతకు ముందరి ఆర్పీఎంలో కాలినదాని లెక్క. చివరికి వైరు కూడా అంకెను మార్చగలదు. 0 నుంచి 5 వోల్టులకు 10 నుంచి 20 దాకా రేషియో చూపే గేజీలో ఎర్తింగ్ సరిగా లేక 0.1 వోల్టు తేడా వస్తే లాగ్‌లో 0.2 రేషియో తేడా పడుతుంది. గేజీ ముఖం మీద ఒకటి, లాప్‌టాప్‌లో ఇంకొకటి కనిపిస్తే వెతకాల్సింది ఎర్తు పాయింటునే.

మన బంకుల్లోని పెట్రోలు ఈ చర్చను ఇంకా దగ్గరికి తెచ్చింది. దేశమంతటితోపాటు ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ ఇప్పుడు 20 శాతం దాకా ఇథనాల్ కలిసిన ఈ20 పోస్తున్నారు. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంది గనక దానికి గాలి తక్కువ చాలు. ఇథనాల్ లేని పెట్రోలుకు 14.7 అయితే, 10 శాతం కలిస్తే 14.1, 20 శాతం కలిస్తే 13.5 ప్రాంతం. ఈ10 మీద మ్యాప్ రాసి ఆ తర్వాత ఈ20 పోసిన కారులో ఒకే ఇంజెక్టర్ తెరపుకు మిశ్రమం 4 శాతం పైగా లీన్ అవుతుంది. మెల్లగా నడిపేటప్పుడు ట్రిమ్ ఆ 4 శాతాన్ని పూరిస్తుంది. స్కానర్ చూసేవాడికి ట్రిమ్ పెరిగింది, అంటే ఏదో గాలి లాగుతోందనిపిస్తుంది, కానీ లాగడం ఏమీ లేదు, ట్యాంకులో ఉన్నదే మారింది. పట్టిక ప్రకారమే పోసే ఫుల్ యాక్సిలరేటర్ మీద 0.85 కాస్తా 0.89 దాకా జరుగుతుంది. ఇథనాల్ నాకింగ్‌ను కొంత తట్టుకుంటుంది, సిలిండర్లోకి వెళ్లే మిశ్రమాన్ని చల్లబరుస్తుంది, కాబట్టి నష్టం అంత ఉండదని ఎవరైనా అనవచ్చు. అది నిజమే, ఆ వెసులుబాటు ఉంది. కానీ వెసులుబాటు ఎంత మిగిలిందో తెలియకుండా దాని మీద బతకడం ట్యూనింగ్ అవుతుందా? ఇక్కడ గేజీ కూడా తికమక పెడుతుంది. చాలా గేజీలు లాంబ్డాను 14.7తో గుణించి రేషియోగా చూపిస్తాయి. 12.5 అని కనిపిస్తే లాంబ్డా 0.85 అని అర్థం. ఈ20లో అసలు పాళ్లు 11.5. ఇద్దరు ట్యూనర్లు 12.5, 11.5 అంటూ వాదించుకుంటున్నప్పుడు ఇద్దరూ ఒకే మిశ్రమం గురించి మాట్లాడుతూ ఉండవచ్చు. లాంబ్డాలోనే మాట్లాడుకోవడం అలవాటు చేసుకుంటే ఈ సగం గొడవలు పుట్టవు.

ఇంత తర్కం ఎందుకు, శక్తిని కొలిచే డైనో మీద పెట్టి ఎక్కడ హార్స్‌పవర్ ఎక్కువొస్తే అదే సరైన మిక్స్చర్ కదా అన్నది మూడో అభ్యంతరం. వినడానికి తిరుగులేనట్టుంటుంది. కానీ పెట్రోలు ఇంజన్ శక్తి 0.85కూ 0.90కీ నడుమ దాదాపు బల్లపరుపుగా ఉంటుంది. ఆ మైదానంలో ఎక్కడ నిలబడినా డైనో కాగితం ఇంచుమించు ఒకే గీత గీస్తుంది. పొగ వేడి, నాకింగ్‌కు మిగిలిన దూరం మాత్రం ఆ మైదానంలోనే చాలా మారిపోతాయి. టర్బో ఇంజన్‌ను కావాలనే మరింత రిచ్‌గా నడిపేది ఆ వేడిని దించడానికే. శక్తి ఫలితాన్ని చెబుతుంది, ఆ ఫలితానికి ఇంజన్ చెల్లించిన మూల్యాన్ని చెప్పదు. డైనో మీద కొన్ని సెకన్ల పరుగులో దొరికిన గీత, ఎండాకాలం మధ్యాహ్నం హైవే మీద వరసగా తొక్కినప్పుడు అలాగే నిలుస్తుందన్న హామీ లేదు. డైనో, వైడ్‌బ్యాండ్, నాక్ లాగ్, ప్లగ్గుల రంగు, ట్రిమ్ పట్టిక, ఇవన్నీ కలిసి ఒకే మాట చెప్పినప్పుడు ఆ మాట నమ్మాలి. ఒకటి ఎదురు తిరిగితే దాని నోరు మూయించకుండా అది ఎందుకు ఎదురు తిరిగిందో కనుక్కోవాలి.

మరి సెన్సర్లు నిజంగా పాడవవా? పాడవుతాయి. ఈ వాదనంతా సెన్సర్‌ను దేవుణ్ని చేయడానికి కాదు. గ్యాస్కెట్లకు పూసిన సెన్సర్‌కు పనికిరాని సిలికోన్ పేస్టు ఆవిరి ఇంజన్‌లో కాలి సెన్సర్ మీద గాజుపొరలా పేరుకుంటుంది. సీసం కలిపిన రేసింగ్ పెట్రోలు ప్లాటినాన్ని చంపేస్తుంది. ఆయిలు కాలితే అందులోని భాస్వరం, హెడ్ గ్యాస్కెట్ పోతే కూలెంటు, విపరీతంగా రిచ్‌గా నడిస్తే మసి, అన్నీ దాని ఆయుష్షు తింటాయి. ట్యూన్ చేసిన కార్లలో ఇవన్నీ ఎక్కువే. కానీ పాడైందని తేల్చడానికి ఊహ అక్కర్లేదు, పరీక్షలున్నాయి. ఇన్‌టేక్‌లోకి కాస్త ప్రొపేన్ వదిలితే పాత రకం సెన్సర్ వెంటనే 0.8 పైకి ఎగరాలి. చిన్న గొట్టం ఒకటి ఊడదీసి గాలి వదిలితే 0.2 కిందికి పడాలి. ఎగిరీ పడీ ఉంటే అది బతికే ఉంది, దాని మాట వినాలి. బద్ధకంగా జరిగితే దానికి వయసైంది. వైడ్‌బ్యాండ్‌కు ఇంకా సులువైన పరీక్షను ప్రతి డ్రైవరూ తెలియకుండానే చేస్తున్నాడు. గేరులో ఉండగా యాక్సిలరేటర్ వదిలితే ఈసీయూ ఇంజెక్టర్లను పూర్తిగా ఆపేస్తుంది. ఆ క్షణాల్లో గొట్టంలో పారేది కేవలం గాలి, 20.9 శాతం ఆక్సిజన్. గేజీ లీన్ వైపు చివరికంటా వెళ్లి నిలవాలి. వెళ్లకపోతే సెన్సర్‌నో వైరింగ్‌నో అనుమానించడానికి ఇప్పుడు మన చేతిలో సాక్ష్యం ఉంది. సాక్ష్యంతో మార్చిన సెన్సర్ మీద నాకు ఏ పేచీ లేదు. పేచీ అంతా అలవాటుగా మార్చిన సెన్సర్ మీదే.

ఇంకొక అలవాటు మీద కూడా నాకు పేచీ ఉంది. కన్వర్టర్ పీకేసి, కన్వర్టర్ పనితీరును గమనించే వెనకాల సెన్సర్‌కు పొగ సరిగా తగలకుండా స్పేసర్ బిగించి, అంతా బాగుందని ఈసీయూను నమ్మించే పద్ధతి. ఆ సెన్సర్ పుట్టింది మనం పీల్చే గాలి కోసం. దాని కళ్లు కప్పి సంపాదించిన నాలుగు హార్స్‌పవర్ల ఖరీదు రోడ్డు పక్కన నడిచేవాళ్లు కడతారు. నిజం చెప్పేదాన్ని నమ్మించి మోసగించడం అలవాటైన చేతికి, ముందున్న సెన్సర్ చెప్పే చేదు నిజాన్ని వినే ఓపిక మాత్రం ఎక్కడి నుంచి వస్తుంది? రెండూ ఒకే మనస్తత్వం నుంచి పుడుతున్నాయి, లైటు ఆరితే చాలు అన్న మనస్తత్వం.

చివరి అభ్యంతరం షెడ్డు నడిపేవాళ్లది, దాన్ని కొట్టిపారేయలేం. సెన్సర్ మార్చితే కస్టమర్ బిల్లు కడతాడు. రెండు గంటలు పొగ పరీక్ష పెట్టి, ట్రిమ్ లాగ్ చదివి, చిట్లిన గొట్టం పట్టుకుంటే ‘గొట్టానికింతా?’ అని బేరమాడతాడు. వస్తువుకు డబ్బిస్తాం, ఆలోచనకు ఇవ్వం. అలాంటప్పుడు మెకానిక్ వస్తువునే అమ్ముతాడు, అందులో అతని తప్పు సగమే. మిగతా సగం బండి యజమానిది. ఇంజన్‌కూ టర్బోకూ లక్షలు పోసినవాడు, ఆ ఇంజన్ ఏం చెబుతోందో విని అర్థం చేసుకునే మనిషి గంటకు కూడా ధర కట్టాలి. బిల్లు మీద ‘లోపం వెతికినందుకు’ అన్న వరస విడిగా ఉండాలి, దాన్ని చూసి మొహం చిట్లించుకోకూడదు. కోడు పడినప్పుడు యజమాని అడగాల్సినవి ఏ రేంజిలో ట్రిమ్ ఎంతుంది, ఫ్యూయల్ ప్రెషర్ కొలిచారా, యాక్సిలరేటర్ వదిలినప్పుడు సెన్సర్ గాలిని గాలిగా చూపిస్తోందా అన్న మూడు ప్రశ్నలు. వాటికి జవాబులు కాగితం మీద పడ్డాక సెన్సర్ మార్చమని వస్తే మార్చాలి, గొట్టమని వస్తే గొట్టం. ఆ జవాబులు రాకముందు ఏ స్పానరూ సెన్సర్ మీద పడకూడదు.